మన టైళ్ళు, బ్యాంకు టైళ్ళు

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు నరసయ్య మాస్టారికి లేదు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. పక్కవాడి కాగితంలోంచి జవాబు ఎక్కించేసి, పైన లెక్క ఖాళీగా వదిలేసే పిల్లల్ని చూసీ చూసీ ఆయనకి జవాబులంటేనే విరక్తి పుట్టిందని మా అనుమానం. రామచంద్రపురంలో ఆయన ఇంటి వసారాలో ఆదివారం పొద్దున్నే గీత చెప్పించుకోవడానికి మేం నలుగురం చేరతాం. ఎవరేది అడిగినా ఆయన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, "చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఏదో ఒకటి జరుగుతుంది. జరిగిపోయాక, ఓహో ఇదా జవాబు అని మనకి మనమే తెలుసుకోవాలి. తెలియకపోతే అది ఆయన తప్పు కాదు.

ఆ నలుగురిలో మట్టపర్తి వీర్రాజు ఒకడు. ఆర్టీసీ డిపోలో గుమాస్తా. ఇరవయ్యేళ్ళ బ్యాంకు లోను తీసుకుని ఊరి చివర కొత్త కాలనీలో చిన్న డాబా ఇల్లు కట్టుకున్నాడు. లోను వచ్చాక మనిషి మారాడు అనడం అన్యాయం. అతను మొదటి నుంచీ పొదుపరే, లోను వచ్చాక ఆ గుణానికో గమ్యం దొరికింది, అంతే. వాళ్ళింట్లో అరిగిపోయిన సబ్బు ముక్కని పారెయ్యరు, కొత్త సబ్బు వీపుకి అంటిస్తారు. టూత్‌పేస్టు ట్యూబుని కత్తెరతో నిలువునా కోసి, లోపల మిగిలినదాంతో ముగ్గురూ ఇంకో నాలుగు రోజులు పళ్ళు తోముకుంటారు. కుక్కరు మొదటి కూత కూయగానే స్టవ్ కట్టేసి, మిగతా పని ఆవిరికి అప్పగిస్తారు. బీరకాయ కొంటే కాయ ఒక పూట, పొట్టు ఒక పూట. పేపరు డిపోలో చదివొచ్చి, అందులో ముఖ్యమైనవి భార్యకి నోటితో చెబుతాడు. కూరలవాళ్ళు గోనెలు దులుపుకునే వేళ చూసుకుని సంచీ పట్టుకుని బయల్దేరతాడు. వీటిలో తప్పు పట్టేదేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ సబ్బు సంగతీ, కుక్కరు సంగతీ మా ఇంట్లో కూడా మొదలుపెట్టాం. నాది జిరాక్సు కొట్టు, నాకూ ఖర్చులున్నాయి.

అసలు విశేషం టైళ్ళది. ఇంటికి నేల పరిచిన మేస్త్రీ పనంతా అయ్యాక లెక్కగట్టి, రెండడుగుల టైళ్ళు మొత్తం రెండువందల నలభై పట్టాయని చెప్పాడు. బ్యాంకు వాయిదాలూ సరిగ్గా రెండువందల నలభై. మనమైతే ఏదో కలిసొచ్చిందనుకుని ఊరుకుంటాం. వీర్రాజుకి మాత్రం అది దేవుడే చెప్పించినట్టు అనిపించింది. నెలకో వాయిదా, వాయిదాకో టైలు. జీతాల రోజున బ్యాంకు నుంచి మెసేజి రాగానే భార్యా, భర్తా, కూతురూ నేల మీద చేరి ఈ నెల ఏ టైలు మనది చేసుకుందాం అని తేల్చుకుంటారు. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల తన గోళ్ళరంగు సీసా తెచ్చి, తేలిన టైలు మూల ఎర్రచుక్క పెడుతుంది. మొదటి చుక్క స్టవ్ ముందున్న టైలుకి పడింది. అది భార్య మంగతాయారు కోరిక. ఆ తర్వాత బీరువా కింద, మంచం కింద, ఫ్రిజ్ కింద. మన వస్తువులు ముందు మన చోట ఉండాలి కదా అని వీర్రాజు వాదన. ఎర్రచుక్క ఉన్నది మన టైలు, లేనిది బ్యాంకు టైలు. పొదుపు చేసిన డబ్బు ఏడాదికోసారి అదనంగా కడితే ఇంకో టైలు, రెండు టైళ్ళు కలిసొచ్చేవి. రెండున్నరేళ్ళకి ముప్పై నాలుగు చుక్కలు పడ్డాయి.

మొదట్లో ఇదంతా వాళ్ళకో ఆట. ఆటో ఎక్కకుండా నడిచొచ్చిన రోజున మంగతాయారు చెప్పులు విప్పుతూనే, ఇవాళ దారప్పోగంత నేల మిగిల్చానని నవ్వేది. ముగ్గురూ సినిమాకి వెళ్ళడం మానుకుంటే ఒక అంగుళం. రాను రాను వీర్రాజుకి రూపాయలు కనిపించడం మానేసి అంగుళాలే కనిపించడం మొదలైంది. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి ఎవరైనా వస్తే పత్రిక చదివే లోపలే ఆ పెళ్ళి ఎన్ని అంగుళాలో అతని మొహంలో తెలిసిపోయేది. ఆ ఇంటికి చుట్టాలు రావడం ఎప్పుడు తగ్గిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

ఒక ఆదివారం పాఠం అయ్యాక వీర్రాజు లేవకుండా కూర్చుండిపోయాడు.

"గురువుగారూ, అప్పు తీరేదాకా మనిషి ఏది మానుకోవచ్చండి, ఏది మానుకోకూడదండి?"

ఇంత మంచి ప్రశ్న వీర్రాజు నోట వచ్చేసరికి మాకు ఆశ్చర్యం వేసింది. వెనకాల సంగతి ఏమిటని మాస్టారు అడిగితే చెప్పుకొచ్చాడు. మంగతాయారుకి నూకరత్నం అని ఒక అక్క ఉంది. తునిలో ఒంటరిగా ఉంటూ జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. తల్లి పోయాక మంగతాయారుని పెంచింది ఆవిడే, పెళ్ళి చేసింది ఆవిడే. ఇప్పుడావిడ కంట్లో శుక్లం తీయించుకోవాలి, ఆపరేషన్ కాకినాడలో. తర్వాత పది రోజులు వంగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, పూటపూటా కంట్లో మందు వెయ్యడానికి మనిషి కావాలి. ఆ పది రోజులూ మనింట్లో ఉంచుకుందామంది మంగతాయారు. వీర్రాజు లెక్క చూశాడు.

"పాలు, పళ్ళు, ఆటోలు, కంటి మందు, అన్నీ కలిపితే టైల్లో మూడోవంతు పోద్దండి," అన్నాడు బాధగా.

అందుకని వదినగారికి తనే ఫోన్ చేసి, ఇల్లు ప్రస్తుతం వీలుగా లేదని, అప్పు కాస్త తగ్గాక తప్పకుండా రమ్మని చెప్పాడట. అప్పు తగ్గడానికి ఇంకా పదిహేడేళ్ళుంది. ఆ ఫోన్ అయిన దగ్గర్నుంచి మంగతాయారు అతనితో మాట్లాడటం మానేసింది. అన్నానికి రమ్మనాలన్నా కూతురి చేత చెప్పిస్తోంది. ఎనిమిది రోజులైంది. అన్నిట్లోనూ పొదుపు కోరుకునే మనిషి ఈ ఒక్క పొదుపు దగ్గర తట్టుకోలేకపోయాడు. అతను వదినగారంటే గిట్టనివాడేమీ కాదు, ఆ మాట ఒట్టేసి చెప్పాడు. తను చేసింది న్యాయమేనని గురువుగారు ఒక్క మాట అంటే ఇంటికెళ్ళి భార్యకి చెప్పుకుందామని వచ్చాడు. నాకైతే అతని మీద జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ టైళ్ళు నాకు చూడాలని ఉంది. వచ్చే ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తాం, నలుగురం," అన్నారు.

గురువు నోటితో అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఆయ్, అలాగేనండి అన్నాడు వీర్రాజు. ఆ వారమంతా రోజు విడిచి రోజు నా కొట్టుకి వచ్చాడు. పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన కామరాజు గారికి ఆదివారాలు ఉపవాసమేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. పోనీ దొరబాబుకో అన్నాడు. దొరబాబుది ఎరువుల కొట్టు, తూకం వేస్తే రెండు యూరియా బస్తాలు తూగుతాడు. అతనికి ఉపవాసం అన్న మాట తెలుసో లేదో నేను చెప్పలేనన్నాను. నలుగురి భోజనం అంగుళమున్నరలోపు తేలుతుందో లేదో అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు వీర్రాజు.

ఆదివారం పాఠం ముగించుకుని పన్నెండున్నరకి వెళ్ళాం. ఇల్లు అద్దంలా ఉంది. కూతురు ట్యూషన్‌కి పోయింది. మంగతాయారు మాకందరికీ కాళ్ళకి నీళ్ళిచ్చి, మాస్టారికి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళింది. మొగుడి వైపు చూడలేదు. మాస్టారు చేతికర్ర ఆనించి, వంగి, ఎర్రచుక్కలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ ఇల్లంతా తిరిగారు. పిల్లల నోట్సు దిద్దేటప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా చూసి ఉండరు. బీరువా కింద చుక్క కనబడకపోతే వీర్రాజు టార్చి వేసి చూపించాడు. మొహం వెలిగిపోతోంది. తన బాధ ఇన్నాళ్ళకి ఒకరికి అర్థమైందని అతని సంతోషం.

హాల్లో చాపలు పరవబోతుంటే మాస్టారు ఆపారు.

"మనల్ని పిలిచింది వీర్రాజు, బ్యాంకు పిలవలేదు. పిలవనివాళ్ళ చోట కూర్చుని తినడం మర్యాద కాదు," అన్నారు.

వేళాకోళమేమోనని మొహాలు చూసుకున్నాం. ఆయన మొహంలో ఆ జాడ ఏమీ లేదు. నడవడం వరకు తప్పదు, రోడ్డు మీద నడిచినట్టే అనుకోవాలి, కూర్చోవడం మాత్రం వీర్రాజు టైళ్ళ మీదే అని తేల్చారు. ఇంటివాళ్ళు బ్యాంకుతో కాగితం రాసుకున్నారు కాబట్టి వడ్డించే మంగతాయారుకి ఈ నియమం లేదు. ఇక టైళ్ళ కోసం వెతుకులాట. ముప్పై నాలుగు టైళ్ళున్న ఆసామి ఇంట్లో మనిషి కూర్చోవడానికి పనికొచ్చేవి అయిదే తేలాయి. మిగతావన్నీ బీరువాకీ, మంచాలకీ, ఫ్రిజ్‌కీ, బియ్యం డబ్బాకీ అయిపోయాయి.

ఫ్యాను కింద టైలు మీద మాస్టారు కూర్చున్నారు. టీవీ ముందున్నది కామరాజు గారికిచ్చాం, ఆయన టీవీకి వీపు పెట్టి సర్దుకున్నారు. నాకు దొరికింది పిల్ల చదువుకునే బల్ల కింద. తల ఎత్తితే బల్లకి తగులుతుంది కాబట్టి భోజనమంతా వినయంగా తల వంచుకునే చేశాను. దొరబాబుకి వంటింట్లో స్టవ్ ముందున్న టైలే గతి. అతను రెండడుగుల చదరంలో ఇమడడం అంత తేలిక కాదు. మోకాలు బ్యాంకు టైల్లోకి పోయిందని కామరాజు గారు హాల్లోంచే చెబుతూ వచ్చారు, అతను వెనక్కి లాక్కుంటూ వచ్చాడు. ఇంటి యజమాని కూడా మా నియమంతోనే కూర్చోకపోతే మేం తినం అన్నారు మాస్టారు. వీర్రాజుకి మిగిలింది వీధి గుమ్మం నుంచి లోపలికి రెండో టైలు. చెప్పుల స్టాండు పక్కకి జరిపి, దారికడ్డంగా అక్కడే బాసింపట్టు వేసుకున్నాడు. కంచం ముందు పెట్టుకుంటే బ్యాంకు చోటులోకి వెళ్తోందని అందరం ఒళ్ళో పెట్టుకున్నాం.

మంగతాయారు పప్పు గిన్నెతో వంటింటి గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసింది. బల్ల కింద నేను, టీవీకి అతుక్కుని కామరాజు గారు, గుమ్మంలో మొగుడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక గరిటె వణికి పప్పు బ్యాంకు టైలు మీద పడింది.

భోజనం గురించి చెప్పకపోతే పాపం. డిపో గోడవార మునగచెట్టు ఆకుతో పప్పు, బీరకాయ కూర, బీరపొట్టు పచ్చడి, అరటిదూట పెరుగుపచ్చడి, పల్చటి చారు. ఏదీ ఖరీదైనది కాదు, ఏదీ తక్కువైంది కాదు. మాస్టారు బీరపొట్టు పచ్చడి మూడుసార్లు మారు అడిగారు. ఇలా వండుకునే ఇంట్లో అప్పు ఎన్నాళ్ళో నిలవదమ్మా అని మెచ్చుకున్నారు కూడా. వీర్రాజు అది విని, తన ప్రశ్నకి జవాబు వచ్చేసిందనుకున్నాడు. అతను మా వైపు గర్వంగా చూడటం నేను బల్ల కింద నుంచే గమనించాను.

మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి వీధిలో ఆటో ఆగింది. ఒకావిడ గోడ పట్టుకుని, మెట్టు తడుముకుంటూ ఎక్కి, గుమ్మంలో మొదటి టైలు మీద నిలబడింది. ఒక కంటికి కట్టు, దాని మీద ఆస్పత్రివాళ్ళిచ్చిన నల్ల కళ్ళజోడు, చేతిలో బట్టల సంచీ. నూకరత్నం అని చెప్పక్కర్లేదు. తర్వాత తెలిసింది, ఆవిణ్ణి రమ్మంది మంగతాయారేనట. శనివారం ఆపరేషనైపోతే ఆదివారం పొద్దున చూసి పంపించేస్తారు కదా, అటు నుంచి అటే వచ్చెయ్యి, గురువుగారు ఇంట్లో ఉండగా మా ఆయన కాదనలేరు అని ఫోన్ చేసి చెప్పిందట. నూకరత్నం ఒక్కసారి చెల్లెల్ని చూసి రెండింటి బస్సుకి తుని పోదామనే అనుకుని వచ్చింది. గృహప్రవేశం రోజున రావడమే గానీ ఆవిడ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎండలోంచి నీడలోకి రావడం వల్ల రెండో కంటికి కూడా సరిగ్గా ఆనినట్టు లేదు. ఎదురుగా నేల మీద ఎవరో కూర్చుని ఉన్నారని మాత్రం తెలిసింది.

"బాబూ, మా చెల్లి మంగతాయారు ఇల్లు ఇదేనా?" అని అడిగింది.

అడిగింది వీర్రాజునే. ఒళ్ళో కంచం, నోట్లో ముద్ద. ఆ ఇంట్లో ఏ టైలు ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, ఇల్లు ఎవరిదంటే చెప్పలేకపోయాడు. వంటింటి గుమ్మంలో మంగతాయారు మజ్జిగ గిన్నెతో కదలకుండా నిలబడింది. ఆమె మొహంలో నవ్వు లేదు. ఈసారి కూడా ఇతను రమ్మనకపోతే ఆమె అక్క చెయ్యి పట్టుకుని అదే ఆటోలో వెళ్ళిపోయేలా ఉంది.

"వీర్రాజూ, ఆవిడ నిల్చున్న టైలు ఎవరిది?" అన్నారు మాస్టారు, కంచంలోంచి తలెత్తకుండా.

"బ్యాంకుదండి."

"ఆవిడకి అడ్డంగా ఉన్నది?"

వీర్రాజు కిందికి చూసుకున్నాడు. తన మోకాలి పక్కన ఎర్రచుక్క కనబడుతోంది.

"మాదండి," అన్నాడు. ఆ మాట మాకు సరిగ్గా వినబడలేదు.

కంచం పక్కన పెట్టి లేచాడు. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడం చేత్తో ఆవిడ సంచీ అందుకున్నాడు. "ఇదే ఇల్లు వదినా. లోపలికి రండి," అన్నాడు. గొంతు గుర్తుపట్టి ఆవిడ తడబడింది. మరిదిగారని పోల్చుకోలేకపోయాను, కన్ను ఇలా ఉంది, ఏమీ అనుకోకండి అని బతిమాలుకుంది. ఆవిడ తప్పేముందని క్షమాపణ? నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, బల్ల కింద ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

మంగతాయారు మజ్జిగ గిన్నె కింద పెట్టి వచ్చి అక్కని పట్టుకుంది. పదిహేను రోజుల తర్వాత మొగుడితో నేరుగా మొదటి మాట మాట్లాడింది.

"కుర్చీ వెయ్యండి. అక్క కింద కూర్చోకూడదు."

వీర్రాజు చెయ్యి కడుక్కుని పరుగున వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. తెచ్చి, ఎక్కడ వెయ్యాలో తెలియక ఆగిపోయాడు. ఫ్యాను కింద మాస్టారున్నారు. టీవీ ముందు కామరాజు గారు. బల్ల కింద నేను. వంటింట్లోకి తొంగి చూశాడు, దొరబాబు స్టవ్ ముందు నిండుగా ఉన్నాడు. మిగిలింది తను లేచి వచ్చినదే, అక్కడ వేస్తే గుమ్మం మూసుకుపోతుంది. రెండున్నరేళ్ళ అలవాటు మరి, కాళ్ళు చుక్క లేని చోట ఆగవు. కుర్చీ రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని హాలంతా ఒక చుట్టు తిరిగాడు, మళ్ళీ రెండో చుట్టు మొదలెట్టాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ అతని వెనకాలే తిరుగుతున్నారు.

మాస్టారు మజ్జిగ తాగడం ముగించి, కంచం పక్కన పెట్టారు.

"ఆ బ్యాంకు టైలు మీద వెయ్యవయ్యా, వాళ్ళేమీ అనుకోరు," అన్నారు.